ఒకే డిస్కు మీద మూడు నకళ్లు

వేల కంప్యూటర్లను కలిపి నడపడం కోసం పుట్టిన ఫైల్ వ్యవస్థను ఇంట్లో బల్ల మీదున్న ఒక్క డెస్క్‌టాప్‌లో పెట్టుకోవడం గురించి ఈ పూట మాట్లాడతాను. డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్ అన్న పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఒక ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు రెండు మూడు నకళ్లు తీసి, వాటిని వేర్వేరు యంత్రాల మీద దాచి, అడిగినవాళ్లకు మాత్రం అదంతా ఒకే ఫైలుగా చూపించే ఏర్పాటు అది. అలాంటిదాన్ని ఒకే యంత్రం మీద పెట్టుకుంటే ఏం వస్తుంది? వేగం రాదు, పైగా తగ్గుతుంది. చోటు కలిసిరాదు, పైగా ఖర్చవుతుంది. భద్రత అసలే రాదు. ఈ మూడూ ఒప్పుకున్నాక కూడా, కంప్యూటర్ సైన్సు చదివే ప్రతి విద్యార్థీ, సర్వర్లతో పనిచేసే ప్రతి ఇంజనీరూ ఒక్కసారైనా ఈ పని చేసి తీరాలన్నది నా వాదన. దానికి ఒక షరతు ఉంది. పెట్టుకోవడంతో ఆగకూడదు. పెట్టినదాన్ని చేజేతులా చెడగొట్టాలి. ఏ భాగం పోతే ఈ వ్యవస్థ ఏం చేస్తుందో, ఏం చేయలేకపోతుందో దగ్గరుండి చూడాలి. చెడిపోవడాన్ని తట్టుకోవడానికే పుట్టిన వ్యవస్థ ఇది. అంతా సవ్యంగా నడుస్తున్నంతసేపూ దాని లోపలి పనితనం ఎవరికీ కనిపించదు.

ఈ వ్యవస్థల్లో ఎక్కువమందికి తెలిసిన హడూప్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. దాని మూలం గూగుల్ ఇంజనీర్లు ముగ్గురు, సంజయ్ ఘెమావత్, హోవార్డ్ గోబియోఫ్, షున్-టాక్ లెంగ్, 2003 అక్టోబరులో ప్రకటించిన గూగుల్ ఫైల్ సిస్టమ్ పత్రంలో ఉంది. ఖరీదైన, చెడిపోని యంత్రాలు కొనే మార్గాన్ని వాళ్లు వదిలేశారు. చవక యంత్రాలు వేలకొద్దీ కొన్నప్పుడు వాటిలో ఏదో ఒకటి ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది కాబట్టి, ఆ చెడిపోవడాన్ని మామూలు దినచర్యగా లెక్కలోకి తీసుకునే సాఫ్ట్‌వేర్ రాశారు. ఫైలును 64 మెగాబైట్ల ముక్కలు చేయడం, ఒక్కో ముక్కకు మూడు నకళ్లు ఉంచడం అక్కడిదే. అప్పటికి నచ్ అనే ఓపెన్ సోర్స్ సెర్చ్ ఇంజను కడుతున్న డగ్ కటింగ్, మైక్ కఫరెల్లా ఆ పత్రం చదివి, అదే పద్ధతిని జావాలో తమ సొంతంగా రాసుకున్నారు. 2006లో ఆ భాగం విడివడి హడూప్ అయింది. కటింగ్ కొడుకు ఆడుకునే బొమ్మ ఏనుగు పేరే దానికి పెట్టారు. ఆ ఏడాదే ఆయన యాహూలో చేరారు. 2010 నాటికి యాహూ దగ్గర 25 వేల సర్వర్ల మీద 25 పెటాబైట్ల డేటా ఇందులో ఉండేదని అక్కడి ఇంజనీర్లే రాశారు. ఇది మనకు దూరపు కథేం కాదు. హైదరాబాద్ అమీర్‌పేటలో హడూప్ బోర్డులు వరసగా వెలిసిన కాలం ఒకటుంది. జిల్లాల నుంచి వచ్చి, హాస్టళ్లలో ఉండి, ఈ ఒక్క మాట నేర్చుకుని ఉద్యోగాలు పట్టుకున్న తెలుగు యువకులు, యువతులు అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్నారు.

ఇందులో రెండు రకాల ప్రోగ్రాములు పనిచేస్తాయి. ఒకటి నేమ్‌నోడ్, రెండోది డేటానోడ్. పాతకాలపు ఊళ్లో కరణం దగ్గర పొలం ఉండదు, ఏ సర్వే నంబరు ఎవరిదో చెప్పే చిట్టా ఉంటుంది. పొలాలు రైతుల కింద ఉంటాయి. నేమ్‌నోడ్ అలాంటి చిట్టా మనిషి. ఏ ఫైలులో ఏ ముక్కలున్నాయో దానికి తెలుసు గాని, ఫైలులోని ఒక్క అక్షరం కూడా దాని దగ్గర ఉండదు. అక్షరాలన్నీ డేటానోడ్ల దగ్గర ఉంటాయి. డేటానోడ్‌కేమో తన దగ్గరున్న ముక్క ఏ ఫైలుదో తెలియదు. ప్రతి డేటానోడ్ మూడు సెకన్లకోసారి నేమ్‌నోడ్‌కు తాను బతికే ఉన్నానని కబురు పంపుతుంది. ఇంకో విశేషం: ఏ ముక్క ఏ డేటానోడ్ మీద ఉందన్న సంగతిని నేమ్‌నోడ్ డిస్కు మీద రాసి పెట్టుకోదు. తాను లేచిన ప్రతిసారీ డేటానోడ్లను అడిగి తెలుసుకుంటుంది. 99.9 శాతం ముక్కల ఆచూకీ అందేదాకా కొత్తగా ఏదీ రాయనివ్వదు. దాన్నే సేఫ్ మోడ్ అంటారు. యంత్రాలు వచ్చిపోతుంటాయని ముందే నమ్మిన మనుషులు తీసుకున్న నిర్ణయం ఇది. నిన్న రాసుకున్న పాత చిరునామాలకంటే ఇప్పుడు ఎదురుగా నిలబడి పలికినవాడి మాటే నమ్మదగ్గది అని వాళ్లు తేల్చుకున్నారు.

రేడియోలో తెర కనిపించదు కాబట్టి కమాండ్లు చదివి వినిపించను. పని వరస మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రతి మెట్టూ ఒక పాఠమే. ఉబుంటు లాంటి లినక్సు ఉన్న యంత్రం కావాలి. విండోస్ వాళ్లు దాని లోపలే లినక్సు నడిపే సదుపాయం వాడుకోవచ్చు. జావా వేసి, హడూప్ మూటను దించుకుని విప్పుతారు. రెండు చిన్న ఫైళ్లలో రెండు సంగతులు రాస్తారు: నేమ్‌నోడ్ ఎక్కడుందో, ఒక్కో ముక్కకు ఎన్ని నకళ్లు కావాలో. ఆ తర్వాత కొత్తవాళ్లను తికమక పెట్టే మెట్టు వస్తుంది. మీ కంప్యూటర్‌లోంచి మీ కంప్యూటర్‌లోకే, పాస్‌వర్డ్ అడగకుండా, ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయ్యేలా తాళంచెవి తయారుచేయాలి. ఎదురుగా కూర్చున్న యంత్రంలోకి దూరం నుంచి వచ్చినట్టు రావడమేమిటి? హడూప్‌ను మొదలుపెట్టే స్క్రిప్టు ఒక జాబితా చదివి, అందులోని ప్రతి యంత్రంలోకీ ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి అక్కడి ప్రోగ్రామును లేపుతుంది. జాబితాలో నాలుగు వేల పేర్లున్నా, లోకల్‌హోస్ట్, అంటే ఈ యంత్రమే, అన్న ఒక్క పేరే ఉన్నా దానికి తేడా లేదు. ఈ మెట్టులో విసుక్కునేవాళ్లు ఒక్క క్షణం ఆగి ఈ సంగతి గమనిస్తే, వ్యవస్థ మొత్తం తత్వం ఇక్కడే పట్టుబడుతుంది. యంత్రాలు వేరువేరు అన్న ఊహ మీదే ఇది నిలబడింది. ఆ ఊహ నిజమా కాదా అని ఇది ఎక్కడా పరీక్షించదు.

అదే దశలో ఒక గొయ్యి కూడా ఉంది. డేటా ఎక్కడ దాచాలో మీరు చెప్పకపోతే హడూప్ దాన్ని తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరులో, అంటే టీఎంపీ అనే చోట పెడుతుంది. ఉబుంటు కంప్యూటర్ ఆపి లేపినప్పుడల్లా ఆ ఫోల్డరును ఊడ్చేస్తుంది. సాయంత్రం చక్కగా నడిచిన వ్యవస్థ మర్నాడు పొద్దున లేవదు, చిట్టాయే లేదంటుంది. నడిచిందన్న సంబరంలో ఎవరూ ఆ ఫోల్డరు పేరు చూడరు. మామూలు సెట్టింగు అంటే ఎవరో మన తరఫున తీసుకున్న నిర్ణయం అని, అది మన అవసరానికి సరిపడకపోవచ్చని ఇంతకంటే తేలిగ్గా, ఇంతకంటే తక్కువ నష్టంతో నేర్పే చోటు నాకు తెలియదు.

ఇప్పుడు అందులో ఒక ఫైలు పెడదాం. 300 మెగాబైట్ల ఫైలు అనుకోండి. హడూప్‌లో ఇప్పుడు ముక్క పరిమాణం 128 మెగాబైట్లు. కాబట్టి 128, 128, 44 మెగాబైట్ల మూడు ముక్కలవుతాయి. చివరి ముక్కకు కూడా 128 మెగాబైట్ల చోటు వృథా అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది 44 మాత్రమే తీసుకుంటుంది. ఈ సంగతి పుస్తకంలో వెతకాల్సిన పని లేదు. డేటానోడ్ ఫోల్డరులోకి వెళ్లి చూస్తే ఆ ముక్కలు మామూలు ఫైళ్లలాగే పడి ఉంటాయి. మొదటి ముక్క పేరు బ్లాక్ 1073741825. పక్కనే దాని జోడీగా ఇంకో చిన్న ఫైలు ఉంటుంది. ప్రతి 512 బైట్లకు నాలుగు బైట్ల చొప్పున సరిచూపు లెక్క, అంటే చెక్‌సమ్, అందులో ఉంటుంది. 128 మెగాబైట్ల ముక్కకు సుమారు ఒక మెగాబైటు లెక్కన్నమాట. వెయ్యి సర్వర్ల గదిలో ఏ ఉద్యోగీ ఇంత దగ్గరగా వీటిని ముట్టుకోలేడు, ముట్టుకోనివ్వరు కూడా. మీ డెస్క్‌టాప్‌లో మిమ్మల్ని అడ్డుకునేవాళ్లెవరూ లేరు.

పెట్టే ఫైలు తెలుగు అక్షరాలతో నిండినదైతే ఇంకో ముచ్చట చూడొచ్చు. యూటీఎఫ్-8 అనే లిపి సంకేతంలో మన ప్రతి అచ్చుకూ, హల్లుకూ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. 128 మెగాబైట్లంటే 13,42,17,728 బైట్లు. ఈ సంఖ్యను మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. అంటే ఖాళీలూ అంకెలూ లేకుండా అచ్చంగా తెలుగు సంకేతాలతోనే నిండిన ఫైలైతే, మొదటి ముక్క సరిగ్గా ఒక అక్షరం మధ్యలో తెగుతుంది. రెండు బైట్లు ఈ ముక్కలో, మూడో బైటు ఆ ముక్కలో. ఫైలును మొత్తంగా చదివినప్పుడు ఏ నష్టమూ లేదు. ముక్కలు వరసగా అతుక్కుని అక్షరం మళ్లీ నిలబడుతుంది. కానీ ముక్కకొక ప్రోగ్రాము చొప్పున విడివిడిగా చదివేటప్పుడు, హద్దు దాటి పక్క ముక్కలోంచి వరస చివరిదాకా తెచ్చుకోవాల్సిన బాధ్యత చదివే ప్రోగ్రాము మీద పడుతుంది. హడూప్ తన ప్రోగ్రాములకు ఆ పని ముందే నేర్పింది. నిల్వ చేసేవాడికి బైట్లే తెలుసు, అర్థం చదివేవాడి పూచీ అన్న ఈ విభజన పెద్ద వ్యవస్థలన్నిటిలోనూ ఉంది. తెలుగులో పనిచేసే ప్రోగ్రామర్లకు ఇది మిగతావాళ్లకంటే ముందు ఎదురవుతుంది.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. నకళ్లన్నీ ఒకే హార్డ్ డిస్కు మీద ఉంటే అవి నకళ్లెలా అవుతాయి? డిస్కు పోతే మూడూ పోతాయి గదా? ఈ ప్రశ్న అడిగినవాళ్లది నూటికి నూరుపాళ్లూ సరైన ప్రశ్న. దాన్ని దాటవేయకుండా, వ్యవస్థ చేతే జవాబు చెప్పించాలని నేనంటాను. ముందు ఒకే డేటానోడ్ ఉంచి, నకళ్లు మూడు కావాలని రాసి చూడండి. ఫైలు లోపలికి వెళుతుంది. కానీ ఆరోగ్య పరీక్ష కమాండు నడిపితే, ఈ ముక్కలకు నకళ్లు తక్కువగా ఉన్నాయి, మూడు అడిగితే ఒకటే ఉంది అని నివేదిక వస్తుంది. ఒకే డేటానోడ్ మీద ఒకే ముక్కను రెండుసార్లు దాచడానికి హడూప్ ఒప్పుకోదు. ఎంత నిజాయితీ! ఇప్పుడు రెండో అడుగు వేయండి. అదే కంప్యూటర్‌లో మూడు డేటానోడ్లు నడపండి. మూడింటికీ వేర్వేరు పోర్టు నంబర్లు, వేర్వేరు ఫోల్డర్లు ఇస్తే చాలు, నడుస్తాయి. ఇప్పుడు పరీక్ష చేస్తే అంతా ఆరోగ్యంగా ఉంది, మూడు నకళ్లూ ఉన్నాయి అంటుంది. డిస్కు అదే. కరెంటు ప్లగ్గు అదే. ఫ్యాను ఆగితే మూడూ కలిసే ఆగుతాయి. నివేదిక మాత్రం పచ్చగా ఉంది.

ఈ రెండు నివేదికల మధ్య తేడాయే ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. డిస్ట్రిబ్యూటెడ్ అన్న మాట సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన గుణమని మనం అనుకుంటాం, ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేస్తుందనుకుంటాం. నిజానికి అది వైర్లకు, డిస్కులకు, గదులకు, కరెంటు లైన్లకు సంబంధించిన వాస్తవం. నేమ్‌నోడ్‌కు కనపడేవి ప్రోగ్రాములే. రెండు ప్రోగ్రాముల వెనక ఒకే డిస్కు ఉందో, రెండు సర్వర్ల వెనక ఒకే స్విచ్చు ఉందో దానికి ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. పెద్ద డేటా సెంటర్లలో కూడా ఇంతే. ఏ సర్వరు ఏ ర్యాక్‌లో ఉందో తెలిపే పట్టిక అక్కడి మనుషులే రాసి ఇస్తారు. అది ఇచ్చినప్పుడే హడూప్ మొదటి నకలును దగ్గరలో, రెండోదాన్ని వేరే ర్యాక్‌లో, మూడోదాన్ని ఆ రెండో ర్యాక్‌లోనే ఇంకో సర్వరు మీద పెడుతుంది. పట్టిక ఇవ్వకపోతే అన్నీ ఒకే ర్యాక్‌లో ఉన్నాయనుకుని తన మానాన తాను పోతుంది. కాబట్టి డెస్క్‌టాప్‌లో మీరు చూసిన ఆ పచ్చటి అబద్ధం చిన్న యంత్రానికి మాత్రమే పరిమితమైన లోపం అనుకోకండి. కోట్ల రూపాయల గదిలో కూడా అదే అబద్ధం అదే రంగులో కనపడగలదు. అక్కడ దాన్ని అనుమానించే చూపు ఇక్కడే అలవడుతుంది.

ఇప్పుడు చెడగొట్టడం. నకళ్లు రెండు చాలని పెట్టి, మూడు డేటానోడ్లలో ఒకదాన్ని అర్ధాంతరంగా చంపేయండి. వెంటనే ఫైలు చదవండి. చక్కగా వస్తుంది, చదివే ప్రోగ్రాము మొదటి చోట పలకకపోతే రెండో చోటికి వెళుతుంది. కానీ బ్రౌజరులో నేమ్‌నోడ్ పేజీ చూస్తే చచ్చిన డేటానోడ్ ఇంకా బతికున్నట్టే కనపడుతుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. పదిన్నర నిమిషాలు గడిచాకే అది పోయిందని ప్రకటించి, పోయిన నకళ్లను మిగిలిన డేటానోడ్ల మీద మళ్లీ తయారుచేయడం మొదలుపెడుతుంది. మూడు సెకన్లకోసారి కబురు రావాల్సినప్పుడు పదిన్నర నిమిషాలు ఎందుకు ఆగాలి? నెట్‌వర్క్ అవతల ఉన్నవాడు చచ్చిపోయాడా, జవాబివ్వడం ఆలస్యమైందా అన్నది ఇవతల నుంచి ఖాయంగా తేల్చడం సాధ్యం కాదు. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ నిరూపించిన ఒక ప్రసిద్ధ సిద్ధాంతం వెనక ఉన్న చిక్కు కూడా ఇదే: కబుర్లకు గడువు లేని వ్యవస్థలో ఒక్కరు ఆగిపోయే అవకాశం ఉన్నా చాలు, అందరూ ఒక నిర్ణయానికి తప్పకుండా వచ్చేలా చేసే పద్ధతి ఉండదు. అందుకే ఇంజనీర్లు ఒక గడువు ఎంచుకోవాల్సి వస్తుంది. తొందరపడి చచ్చాడని ప్రకటిస్తే, చిన్న జలుబు చేసిన సర్వరు కోసం టెరాబైట్లు కాపీ చేసి నెట్‌వర్క్‌ను ముంచుతారు. ఆలస్యం చేస్తే ఉన్న ఒక్క నకలూ పోయే ప్రమాదం పెరుగుతుంది. గడియారం చూస్తూ ఆ పదిన్నర నిమిషాలు కూర్చున్న విద్యార్థికి ఈ బేరం మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ డెస్క్‌టాప్ చూపించలేనిది కూడా ఉందని ఒప్పుకోవాలి. యాహూ ఇంజనీర్లు 2010లో రాసినదాని ప్రకారం వాళ్ల సర్వర్లలో నెలకు 0.8 శాతం పోయేవి. వాళ్ల అతి పెద్ద క్లస్టరులో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో, 3,500 సర్వర్లుండేవి కాబట్టి, నెలకు 28, అంటే దాదాపు రోజుకొకటి. అయినా ఒక సర్వరు మీదున్న నకళ్లన్నిటినీ తిరిగి తయారుచేయడానికి సుమారు రెండు నిమిషాలే పట్టేది. పోయిన ముక్కల రెండో నకళ్లు వేల యంత్రాల మీద చెదిరి ఉండటం వల్ల తలా కాస్త పని పంచుకుంటాయి. మీ కంప్యూటర్‌లోనేమో అదే డిస్కు చదవాలి, అదే డిస్కు రాయాలి. డిస్కు తల అటూ ఇటూ పరుగెత్తి నీరసపడుతుంది. ఈ వేగం మీకు ఇంట్లో కనిపించదు. వేగం గురించి ఏ తీర్మానమూ డెస్క్‌టాప్ అనుభవం నుంచి చేయకండి.

తర్వాతి ప్రయోగం ఇంకా ముఖ్యమైనది. డేటానోడ్ ఫోల్డరులోకి వెళ్లి ఒక ముక్కలో కొన్ని బైట్లు మార్చేయండి. యంత్రం బతికే ఉంది, కబుర్లు వస్తూనే ఉన్నాయి, నేమ్‌నోడ్‌కు ఏ అనుమానమూ లేదు. ఆ ముక్కను చదివినప్పుడు మాత్రం చెక్‌సమ్ లెక్క తప్పుతుంది. రెండో నకలు ఉంటే చదివేవాడికి అది అందుతుంది, చెడ్డ నకలు గురించి నేమ్‌నోడ్‌కు ఫిర్యాదు వెళుతుంది, మంచిదాని నుంచి ఇంకోటి తయారవుతుంది. నకలు ఒక్కటే అయితే ఫైలు రాదు. ఎవరూ చదవకపోతే? డేటానోడ్ తనంతట తాను అన్ని ముక్కలనూ పరీక్షించుకుంటూ ఒక చుట్టు పూర్తి చేయడానికి మామూలుగా మూడు వారాలు తీసుకుంటుంది. అంటే ఎవరూ తాకని ఫైలు పాడై మూడు వారాలు అలాగే ఉండొచ్చు. మన ఇళ్లలో పాత హార్డ్ డిస్కుల్లో ఏళ్ల తరబడి తెరవకుండా ఉన్న పెళ్లి వీడియోలకు ఈ మాత్రం పరీక్ష కూడా లేదన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఇక నేమ్‌నోడ్ చిట్టానే చెరిపేస్తే? ముక్కలన్నీ డిస్కు మీద భద్రంగా ఉంటాయి. ఒక్క ఫైలూ మిగలదు. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో, దేని పేరేమిటో చెప్పే మనిషి లేడు. ఇక్కడే కొత్తవాళ్లు తరచూ చేసే పని ఒకటుంది. ఏదో తేడా రాగానే నేమ్‌నోడ్‌ను మళ్లీ ఫార్మాట్ చేస్తారు, అంటే మొదట్లో ఒకసారి చేసినట్టే ఖాళీ చిట్టా తెరుస్తారు. ఫార్మాట్ చేసినప్పుడల్లా క్లస్టరుకు కొత్త గుర్తింపు సంఖ్య పుడుతుంది. పాత సంఖ్య రాసుకుని ఉన్న డేటానోడ్ ఈ కొత్త యజమాని కింద పనిచేయనని మొరాయిస్తుంది. దానికి ఎక్కడ చూసినా దొరికే మందు, డేటానోడ్ ఫోల్డరును తుడిచేయమని. తుడిస్తే నిజంగానే లేస్తుంది. ఖాళీగా లేస్తుంది. ఆ మొరాయింపు పాత ముక్కలను కాపాడటానికి పెట్టిన అడ్డుకట్ట అని గ్రహించకుండా దాన్ని తప్పుగా భావించి తీసేయడం నేర్చుకున్నవాళ్లు, రేపు అసలు సర్వర్ల ముందు కూర్చున్నప్పుడు అదే చెయ్యి ఆడిస్తారు. సెకండరీ నేమ్‌నోడ్ అనేది ఒకటి పక్కనే నడుస్తుంటుంది, అది ఆదుకుంటుందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. గంటకోసారి చిట్టాలోని కొత్త పద్దులను పాత చిట్టాలో కలిపి సరిచేయడమే దాని పని. మొదటిది పడిపోతే ఆ స్థానంలో నిలబడే శక్తి దానికి లేదు. ఒకే నేమ్‌నోడ్ మీద అంతా ఆధారపడటం చాలా ఏళ్లు హడూప్‌కు పెద్ద బలహీనతగా ఉండేది. రెండో తరంలో గాని సిద్ధంగా నిలబడే తోడు నేమ్‌నోడ్ రాలేదు.

శిక్షణ గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇన్‌స్టాలేషన్ పాఠాల్లో చాలా భాగం, జేపీఎస్ అన్న కమాండు కొట్టగానే నేమ్‌నోడ్, డేటానోడ్ పేర్లు తెర మీద కనపడటంతో ముగుస్తాయి. అక్కడ ముగియడం చదువుకు అన్యాయం. పేర్లు కనపడ్డాయంటే ప్రోగ్రాములు లేచాయని మాత్రమే. అవి దేనికి లేచాయో ఇంకా చూడనే లేదు. ఇంటర్వ్యూలో నకళ్లు ఎన్ని అంటే మూడు అని, ముక్క ఎంత అంటే 128 అని చెప్పగలిగిన అభ్యర్థిని, మరి పదిన్నర నిమిషాలు ఎందుకు అని అడిగి చూడండి.

దీనికంతా డాకర్ ఉంది గదా, ఒక్క కమాండుతో నేమ్‌నోడూ మూడు డేటానోడ్లూ లేచి కూర్చుంటాయి, చేత్తో ఇదంతా ఎందుకు అని కొందరంటారు. చెడగొట్టే ప్రయోగాలకు డాకర్ నిజంగా మేలు. ఒక్కో డేటానోడ్ ఒక్కో పెట్టెలో ఉంటుంది కాబట్టి ఒకదాన్ని ఆపడం, నెట్‌వర్క్ తెంచడం సులువు. కానీ ఎస్ఎస్‌హెచ్ తాళంచెవి, టీఎంపీ గొయ్యి, ఫార్మాట్ మెట్టు, ఇవన్నీ అందులో ఎవరో ముందే చేసి మూసేసి ఇస్తారు. ఒకసారి చేత్తో చేసి, రెండోసారి డాకర్‌తో చేయమంటాను. మా కంప్యూటర్ చిన్నది అనేవాళ్లకు ధైర్యం చెప్పొచ్చు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉంటే, ఒక్కో ప్రోగ్రాముకు ఎంత వాడాలో పరిమితి పెడితే, ఇదంతా నడుస్తుంది. ఆ పరిమితి పెట్టేటప్పుడే ఇంకో సంగతి తెలుస్తుంది. నేమ్‌నోడ్ తన చిట్టా మొత్తాన్ని ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. ఒక ఫైలు పేరుకు సుమారు 150 బైట్లు, దాని ముక్కకు ఇంకో 150 అనుకుంటే, ఒక్కో ముక్కతో ఉన్న కోటి చిన్న ఫైళ్లకు మూడు జీబీలు కావాలి. ఫైలు ఎంత చిన్నదన్నదానితో పని లేదు. పెద్ద ఫైళ్లు కొన్ని దాచడానికి కట్టిన ఇంట్లో చిన్న ఫైళ్లు లెక్కలేనన్ని దాచకూడదన్న సూత్రం ఇలా సొంత ర్యామ్ మీద పడినప్పుడు మరిచిపోరు.

హడూప్ పాతబడింది, ఇప్పుడందరూ క్లౌడులో దాస్తున్నారు, దీన్ని నేర్చుకోవడం దండగ అన్నది ఇంకొంత బరువున్న అభ్యంతరం. అమెజాన్ ఎస్3 కూడా 2006లోనే మొదలైంది. చాలా సంస్థలు తమ డేటాను అలాంటి చోట్లకు తరలించిన మాట వాస్తవం. హడూప్ ఉద్యోగాల కోసమే నేర్చుకుంటామంటే నేను ప్రోత్సహించను. కానీ క్లౌడు తెర వెనక కూడా డిస్కులే ఉన్నాయి, అవీ పోతుంటాయి. అక్కడ కూడా నకళ్లో, నకళ్లకు బదులు గణితంతో కట్టిన అదనపు ముక్కలో, చెక్‌సమ్‌లో ఉండక తప్పదు. అదనపు ముక్కల పద్ధతి హడూప్‌లోనే మూడో తరం నుంచి ఉంది. ఆరు ముక్కలకు మూడు అదనపు ముక్కలు చేర్చి తొమ్మిదిచోట్ల దాస్తారు. ఏ మూడు పోయినా ఫైలు తిరిగి వస్తుంది. మూడు నకళ్లకు మూడు రెట్ల చోటు పడితే దీనికి ఒకటిన్నర రెట్లే పడుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్‌లో సేజ్ వీల్ పరిశోధన నుంచి పుట్టిన సెఫ్ అనే వ్యవస్థలోనైతే, ఏ వస్తువు ఎక్కడుందో రాసిపెట్టే చిట్టానే తీసేశారు. ఎక్కడుండాలో లెక్క కట్టి తేల్చుకుంటారు. ఆ ఆలోచన ఎంత గొప్పదో తెలియాలంటే, చిట్టా పోయినప్పుడు ముక్కలన్నీ ఉండి కూడా ఫైలు లేకపోవడాన్ని ఒక్కసారి చూసి ఉండాలి. క్లౌడు ఆ దృశ్యాన్ని మనకు చూపించదు. చూపించకపోవడం కోసమే దానికి డబ్బు కడుతున్నాం.

ఇంత చెప్పాక కూడా పిల్లల ఫోటోలు, ఇంటి కాగితాలు, థీసిస్ ఈ ఒంటి యంత్రపు వ్యవస్థలో పెట్టకండి. వాటికి ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు మీద కాపీ, ఆ కాపీకి వేరే ఇంట్లో ఇంకో కాపీ చాలు.

ఒంటి యంత్రంతో చేయగలిగినవన్నీ చేశాక రెండో యంత్రం కలపాలి. అటక మీదున్న పాత ల్యాప్‌టాప్ అయినా సరే. అప్పుడు లోకల్‌హోస్ట్ అని రాసిన ప్రతి చోటా డెస్క్‌టాప్ అసలు చిరునామా రాయాలి, లేకపోతే ల్యాప్‌టాప్‌లోని డేటానోడ్ నేమ్‌నోడ్ కోసం తనలో తానే వెతుక్కుంటుంది. ఉబుంటులో యంత్రం పేరును 127.0.1.1 అనే అంతర్గత చిరునామాకు ముడివేసే వరస ఒకటి హోస్ట్స్ ఫైలులో ఉంటుంది. దాన్ని మార్చకపోతే బయటి నుంచి ఎవరూ నేమ్‌నోడ్‌ను చేరలేరు, ఎందుకో ఎంతకీ అర్థం కాదు. ఇవి సరిచేసి, యంత్రానికొక డేటానోడ్ చొప్పున, నకళ్లు రెండని పెట్టి, ఫైలు దాచి, ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వైరు పీకి చదవండి. అంతకుముందు మాత్రం రెండు యంత్రాల ప్లగ్గులూ ఏ బోర్డులో ఉన్నాయో ఒకసారి చూడండి. ఒకే బోర్డులో ఉంటే ల్యాప్‌టాప్‌ను పక్క గదిలోకి మార్చి మొదలుపెట్టండి.